ఒక అణా తెలుగు

మా నాన్న పవర్‌లూమ్ కార్మికుడు. సోలాపూర్‌లో టెర్రీ టవల్ నేసే ఒక కార్ఖానాలో పనిచేస్తాడు. ఆయనకు బీడీ అలవాటు లేదు, సినిమాల పిచ్చి లేదు. ఉన్నది ఒకటే పిచ్చి. పాత నాణేలు దాచడం.

నాణేలు దాచడం డబ్బున్నవాళ్ళ పని అని చాలామంది అనుకుంటారు. మా నాన్న సంగతి చూస్తే అలా అనిపించదు. ఆయన దగ్గర బంగారు నాణెం ఒక్కటి కూడా లేదు. కిరాణా దుకాణంలో చిల్లర ఇస్తే ముందు తిరగేసి చూస్తాడు, తర్వాతే జేబులో వేస్తాడు. భంగారం వాళ్ళ దగ్గర, అంటే పాత సామాన్లు కొనేవాళ్ళ దగ్గర, తూకానికి పోయే రాగి బిళ్ళలను అడిగి తెచ్చుకుంటాడు. తోటి కార్మికులు కూడా ఇల్లు సర్దినప్పుడు దొరికినవి తెచ్చిస్తారు. అలా 20 ఏళ్ళలో ఒక బిస్కెట్ డబ్బా నిండింది. కిందటి దీపావళికి నేనూ తమ్ముడూ లెక్కపెడితే 214 ఉన్నాయి.

డబ్బా అడుగున టవల్ తునకలు పరిచి, వాటి మీద వరుసగా పేర్చాడు. నలుచదరంగా ఉండే ఒక పైస, ఆరు మూలల మూడు పైసలు, తామరపువ్వు ఉన్న పసుపురంగు 20 పైసలు. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు పైసలు నాలుగు. ఆ చిల్లులో దారం పోసి చిన్నపిల్లల మొలతాడుకు కట్టేవాళ్ళమని మా బాపమ్మ చెబుతుంది. చార్మినార్ బొమ్మ ఉన్న నైజాం నాణేలు కూడా కొన్ని ఉన్నాయి. మా ముత్తాత కరీంనగర్ దిక్కు నుండి మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చాడట. అప్పుడు అది నైజాం రాజ్యం, ఇది ఇంగ్లీషువాళ్ళ బొంబాయి ప్రాంతం. అక్కడి సిక్కా వేరు, ఇక్కడి సిక్కా వేరు. తర్వాత 1950లలో హైదరాబాదు సిక్కాను మార్చుకునేటప్పుడు అక్కడి 7 రూపాయలు ఇస్తే ఇక్కడివి 6 వచ్చేవి. మా డబ్బాలో మిగిలినవి ఎవరూ మార్చుకోకుండా మూట అడుగున ఉండిపోయినవి.

నాకు చదువు రాకముందే నాన్న నాకు నాణేలు చదవడం నేర్పాడు. ఇప్పటి రూపాయి మీద సంవత్సరం కింద చిన్న చుక్క ఉంటే అది నోయిడాలో తయారైంది. వజ్రం గుర్తు ఉంటే ముంబైది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఐదు మూలల నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాలది. నక్షత్రం కనిపిస్తే నాన్న మొహం వెలిగిపోతుంది. "మన దిక్కు నుంచి వచ్చింది బిడ్డా" అంటాడు. అలాగే చార్మినార్ నాణేన్ని వెలుతురులో పట్టుకొని, నడిమి వాకిట్లో ఉండే చిన్న అక్షరాన్ని చూపించేవాడు. ఆ అక్షరం పేరు ఐన్. ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద అదే చోట మీమ్ ఉంటుంది. ఉర్దూ చదవడం రాని మా నాన్న ఇవన్నీ గుర్తుపడతాడు.

మా నాన్నకు తెలుగు చదవడం కూడా రాదు. ఇది మా బడి పిల్లల్లో చాలామంది ఇళ్ళలో ఉన్న సంగతే, అందుకే దాచకుండా రాస్తున్నాను. ఆయన ఏడో తరగతి వరకు మరాఠీ మాధ్యమంలో చదివాడు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కార్ఖానాలో రెండూ. పేపరు చదివేది మరాఠీలో, సంతకం చేసేది మరాఠీలో. మా ఇంట్లో తెలుగు అక్షరాలు దిద్దిన మొదటి మనిషిని నేనే.

రెండేళ్ళ కింద కార్ఖానా మూడు నెలలు మూతపడింది. అమ్మ బీడీలు చుట్టిన కూలీతోనే ఇల్లు గడిచింది. అదే సమయంలో బాపమ్మ కంటి ఆపరేషన్ వచ్చింది. డబ్బాలో మూడు వెండి రూపాయలు ఉండేవి. ఐదో జార్జి రాజు బొమ్మవి. మా ముత్తవ్వ మెడలోని పేరు నుంచి విప్పినవి అని చెప్పేవారు. ఒక రోజు అవి కనిపించలేదు. ఎక్కడికి పోయాయని ఎవరమూ అడగలేదు. బాపమ్మకు మాత్రం ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. కానీ టవల్ తునక మీద అవి ఉన్న చోట మూడు గుండ్రటి గుంటలు అలాగే ఉండిపోయాయి. నాన్న కొత్త నాణెం దొరికినా ఆ గుంటల్లో పెట్టడు.

అందుకే ఈ ఉగాదికి నాన్నకు ఒక కానుక ఇవ్వాలనుకున్నాను. ఆయనకు పుట్టినరోజు లేదు. బడి దాఖలాలో జూన్ 1 అని ఉంది, అది చేర్చుకున్న గురువుగారు వేసిన తేదీ. కాబట్టి పండుగే నయం. నా దగ్గర 460 రూపాయలు ఉన్నాయి. అందులో 200 మా బడి వ్యాసరచన పోటీలో వచ్చినవి. మిగతావి రాఖీ పున్నమికి మార్కండేయ రథోత్సవం రోజు మామలు ఇచ్చినవి.

నాణేలు దాచేవాళ్ళకు నాణెం ఇవ్వడం సులువు అనుకుంటాం. వెతకడం మొదలుపెడితే అంత సులువు కాదని తెలిసింది.

మొదట వెండి రూపాయి కోసం మామతో సరాఫ్ కట్టకు వెళ్ళాను. పాత వెండి రూపాయి బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో నూటికి 91 పాళ్ళకు పైగా వెండే. ఈ కాలం ధరలో ఒక్కదానికే వెయ్యి రూపాయలు దాటుతుంది. 1940 తర్వాతి రూపాయల్లో వెండి సగానికి తగ్గింది, 1947లో వచ్చిన రూపాయిలో అసలు వెండే లేదు, నికెల్. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. సరాఫ్ సేట్ నాణెం మీద ఏముందో చూడలేదు. తక్కెడలో వేశాడు, లెక్క చెప్పాడు. మా మూడు రూపాయలను కూడా ఎవరో ఇలాగే తూచి ఉంటారు అనిపించింది. బయటికి వచ్చేశాం.

తర్వాత మామ ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. ఐదు రూపాయల ఫలానా నాణెం ఉంటే లక్షలు వస్తాయట. ఇలాంటి వాటిని నమ్మవద్దని, కమీషన్ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వవద్దని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. నాన్న దీన్ని ఒక్క మాటలో తేల్చేస్తాడు. "పాతదైతే పిరం కాదు. ఎన్ని మిగిలినయి, ఎట్ల మిగిలినయి, అది చూడాలె" అంటాడు. కోట్లలో అచ్చయిన నాణేనికి లక్షలు ఎవరు ఇస్తారు?

ఇక మిగిలింది ఆల్బమ్. పుస్తకాల దుకాణంలో మెత్తటి ప్లాస్టిక్ జేబులు ఉన్న ఆల్బమ్ 350 రూపాయలు చెప్పారు. అందంగానే ఉంది. కానీ మా సైన్సు టీచర్‌ను అడిగితే, మెత్తగా వాసన వచ్చే ఆ ప్లాస్టిక్‌లో రాగి నాణేలు ఏళ్ళ తరబడి ఉంటే పచ్చటి జిగురు పడుతుందని చెప్పారు. అదీ వద్దనుకున్నాను.

జనవరిలో సిద్ధేశ్వరుడి గడ్డా యాత్ర వచ్చింది. నందిధ్వజాలు చూడటానికి బాపమ్మ, నేను, తమ్ముడు వెళ్ళాం. జాతరలో గాజులు, ఉయ్యాలలు దాటాక ఒక మూల ఒకాయన నేల మీద గుడ్డ పరిచి పాత సామాన్లు అమ్ముతున్నాడు. తాళాలు, గంటలు, అడకత్తెరలు, వాటి పక్కన ఒక పళ్ళెం నిండా నాణేలు. "కాయ పాహిజే బాళా?" అని అడిగాడు. నాణేలు చూస్తానన్నాను.

ఆయన ముందుగా ఒక పెద్ద రాగి బిళ్ళ చేతిలో పెట్టాడు. ఒక పక్క సీతారాముల పట్టాభిషేకం. రెండో పక్క ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 అనే సంవత్సరం. "దేవుడి నాణెం, ఇంట్లో ఉంటే లక్ష్మి. 1500" అన్నాడు. ఈ బిళ్ళల సంగతి నాన్న నాకు ఎప్పుడో చెప్పాడు. కంపెనీవాళ్ళు ఇలాంటి నాణేలు వేయలేదు. ఇవి తర్వాత ఎవరో పూజకోసం, అమ్మకం కోసం అచ్చు వేసిన బిళ్ళలు. కంపెనీ దేశమంతటికీ ఒకే రకం రూపాయి తెచ్చిందే 1835లో, దాని మీద ఉన్నది నాలుగో విలియం రాజు తల. నేను దండం పెట్టి తిరిగి ఇచ్చేశాను. బాపమ్మ కూడా దండం పెట్టింది. ఆమె నిజంగా పెట్టింది.

అప్పుడు పళ్ళెంలో చెయ్యి పెట్టి కలుపుతుంటే ఒక అణా బిళ్ళ దొరికింది. అణా బిళ్ళ అంచు గుండ్రంగా ఉండదు, పువ్వు రెక్కల్లా 12 వంపులు ఉంటాయి. ఇలాంటివి మా డబ్బాలో కూడా మూడు ఉన్నాయి, కానీ అవి బాగా అరిగిపోయినవి. ఇది 1919 నాటిది. ఎవరి పెట్టెలో నిద్రపోయిందో గాని గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఒక పక్క ఐదో జార్జి. రెండో పక్క నడుమ ఇంగ్లీషులో విలువ, సంవత్సరం. చుట్టూ నాలుగు లిపులు. ఒకటి నాగరి, ఒకటి ఉర్దూ, ఒకటి బెంగాలీ. నాలుగోది చదవడానికి నాకు ఎవరి సాయమూ అవసరం లేదు.

"ఒక అణా" అని ఉంది. తెలుగులో.

నేను దాన్ని మూడుసార్లు చదివాను. ఇది నాన్నకు తెలుసా? తెలియదు. ఎందుకంటే అరిగిన అణా బిళ్ళలు చూపించేటప్పుడు ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "ఇది హిందీ, ఇది ఉర్దూ, ఇది బంగ్లా, ఇది కన్నడం" అనేవాడు. అక్కల్‌కోట్ దారిలో కన్నడ బోర్డులు చూసి చూసి, గుండ్రటి అక్షరాలు కనిపిస్తే కన్నడమే అనుకున్నాడు. 20 ఏళ్ళు మన తెలుగును డబ్బాలో పెట్టుకొని ఆయన దాన్ని గుర్తుపట్టలేదు. ఐన్‌ను గుర్తుపట్టిన మనిషి, మీమ్‌ను గుర్తుపట్టిన మనిషి, అక్షరం నేర్పేవాళ్ళు లేక ఒక్క 'అ'ను గుర్తుపట్టలేకపోయాడు.

అమ్మేవాడు 60 చెప్పాడు. బాపమ్మ 30 దగ్గర మొదలుపెట్టి 40కి తెచ్చింది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. కిందటి వేసవిలో సిరిసిల్లలో మా చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. అక్కడ నా ఈడు పిల్లలు నా మాట విని నవ్వారు. నేను బస్సు "సుటింది" అన్నానట. మరాఠీలో బండి బయలుదేరడాన్ని సుటణం అంటారు. మేము ఇంట్లో అలాగే అంటాం. ఒక అక్క నవ్వుతూ, "మీది పదహారణాల తెలుగు కాదు" అంది. ఆమె తప్పుగా అనలేదు, సరదాకే అంది. కానీ ఆ మాట నన్ను వదలలేదు. రూపాయికి 16 అణాలు. మరి మా తెలుగు ఎన్ని అణాలు? మాట్లాడతాం గాని మరాఠీ కలుస్తుంది. చదువుతాను గాని మా వీధిలో చదవడానికి తెలుగు బోర్డులు తక్కువ. నాన్నకైతే లిపే లేదు. మాది ఎనిమిదణాలా, నాలుగణాలా?

అదే ప్రశ్న మా ఇంట్లో ఇంకో రూపంలో కూడా ఉంది. తమ్ముడిని ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేర్పించాలి. మా బడిలోనా, ఇంగ్లీషు బడిలోనా? నాన్న ఇంగ్లీషు వైపే ఉన్నాడు. "నువ్వు చదివినవ్, మంచిదే. కానీ బ్యాంకుల తెలుగు ఉన్నదా, బస్సు మీద ఉన్నదా, నౌకరీల ఉన్నదా?" అని అడుగుతాడు. నేను దీనికి ఎప్పుడూ సరైన జవాబు చెప్పలేదు. ఆయన ప్రశ్న అన్యాయం కాదు. మగ్గం ఎప్పుడు మూతపడుతుందో తెలియని మనిషి పిల్లల అన్నం గురించి అడిగే ప్రశ్న అది. మా తరగతిలో ఐదో తరగతిలో 41 మందిమి ఉండేవాళ్ళం, ఇప్పుడు 26 మందిమి. వెళ్ళినవాళ్ళ ఇళ్ళలోనూ ఇదే ప్రశ్న వచ్చి ఉంటుంది.

అణా బిళ్ళ కొన్నాక నా దగ్గర 420 రూపాయలు మిగిలాయి. వాటిలో 90 రూపాయలతో తెల్ల కాగితం, జిగురు, నల్ల పెన్ను కొన్నాను. చిన్న చిన్న కాగితం కవర్లు కుట్టాను, ఒక్కో నాణేనికి ఒక్కటి. ప్రతి కవరు మీద పైన తెలుగులో, కింద మరాఠీలో పేరు, సంవత్సరం రాయాలనుకున్నాను. పుస్తకం చూసి పావలా, బేడ, కానీ, దమ్మిడీ అని రాయబోతే బాపమ్మ అడ్డం పడింది. "పావలా ఎవలంటరు? చారాణా అని రాయి" అంది. అలా రెండు నెలలు రాత్రిపూట బాపమ్మ చెప్పడం, నేను రాయడం. బాపమ్మకు ఏ లిపీ రాదు గాని లెక్క అంతా నోట్లోనే ఉంది. అణాకు 4 పైసలు, 12 పైలు. రూపాయికి 64 పైసలు, 192 పైలు. నాలుగణాలు చారాణా, ఎనిమిదణాలు ఆఠాణా, పన్నెండు బారాణా. చారాణా కోడికి బారాణా మసాలా అనే సామెత ఆమె రోజుకు ఒకసారైనా అంటుంది. ఆ సామెతలోని లెక్క ఎంతో నాకు మొదటిసారి అర్థమైంది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలు అయినప్పుడు బాపమ్మకు ఎనిమిదేళ్ళు. అణా లెక్కకు ఆరు పైసల పావు రావాలి. కానీ పావు పైస ఎక్కడా ఉండదు కదా. అందుకని దుకాణంలో ఒక అణా ఇస్తే 6 నయా పైసలు లెక్కపెట్టేవారు. రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. "మూడణాలది ఒక్కసారి కొంటె మనకు లాభం, అణా అణాగ కొంటె నష్టం" అని ఆమె నవ్వింది. ఎనిమిదేళ్ళ పిల్ల పట్టుకున్న ఈ లెక్కను నేను పదో తరగతి లెక్కల నోటుబుక్కులో వేసి చూశాను. ఆమె చెప్పిందే నిజం.

రాస్తూ రాస్తూ ఇంకో సంగతి గమనించాను. రెండణాల, నాలుగణాల తెల్ల బిళ్ళల మీద కూడా ఒకప్పుడు తెలుగు ఉంది. మా నైజాం నాణేల మీద మాత్రం లేదు, ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగే అయినా. అక్కడ కాగితం నోట్ల మీదే తెలుగు వేశారు. 1950లో మన గణతంత్రం నాణేలు వచ్చాయి. సింహాల గుర్తు వచ్చింది, రాజు తల పోయింది. వాటితో పాటు అణా మీది తెలుగు కూడా పోయింది. అప్పటి నుంచి నాణేల మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే. తెలుగు నోట్ల మీద మిగిలింది. మీ జేబులో నోటు ఉంటే తిరగేసి చూడండి. 15 భాషల పట్టీలో తమిళానికీ ఉర్దూకూ నడుమ మనం ఉంటాం.

ఉగాది నాడు పచ్చడి తిన్నాక డబ్బా నాన్న ముందు పెట్టాను. నాన్న కవర్లన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. మరాఠీ వరుస చదివి, తెలుగు వరుస మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. చివరి కవరులో అణా బిళ్ళ ఉంది. బయటికి తీసి, అంచు పట్టుకొని, కిటికీ వెలుతురులో తిప్పాడు.

"మంచిగున్నది. 1919. దీని మీద కన్నడం కూడ సాఫుగ కనవడుతున్నది" అన్నాడు.

"అది కన్నడం కాదు నాయినా. తెలుగు. ఒక అణా అని ఉన్నది" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు, బిళ్ళ చూశాడు. పాత అణా బిళ్ళలు మూడూ తీశాడు. ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి వాటి మీద కూడా ఆ గుండ్రటి గీతలు దొరికాయి. చాలాసేపు నాలుగింటినీ పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా ఒక మాట అన్నాడు.

"ఆ అణా ఇప్పుడు చెల్లదు కద బిడ్డా."

ఆయన నాణెం గురించి మాత్రమే అనలేదని నాకు తెలుసు. తమ్ముడి బడి గురించి అన్నాడు, నా పదో తరగతి గురించి అన్నాడు. నా నోట మాట రాలేదు. అప్పుడు వంటింటి గడప దగ్గర కూర్చున్న బాపమ్మ అంది, "చెల్లనిదాన్నే గదరా ఇరవై ఏండ్ల సంది డబ్బాల దాస్తున్నవ్. చెల్లేటివి దాసినవా ఎన్నడన్న?"

నాన్నకు నవ్వు వచ్చింది. అమ్మకు కూడా. బిళ్ళ నా చేతికి ఇచ్చి, "ఏది, ఏ అక్షరం ఏందో చెప్పు" అన్నాడు. నేను ఒ చూపించాను. క చూపించాను. అ, ణా చూపించాను. పలక తెచ్చి రాయించాను. ఆయన చేతికి నూలు పోగు ముడి వేయడం తెలుసు, తెగిన దారం రెప్పపాటులో కలుపుతాడు. 'ణా' మాత్రం ఐదుసార్లకు కుదిరింది. "ఇది ముడి కాదు, చిక్కు" అన్నాడు.

అది జరిగి కొన్ని వారాలైంది. రెండో పాఠం పది రూపాయల నోటు మీద నేర్చుకున్నాడు. దానికి ఖర్చు లేదు. పది రూపాయలు అనే రెండు మాటల్లో ఆయనకు ఇంకో ఐదు అక్షరాలు వచ్చాయి. కార్ఖానాలో తోటివాళ్ళకు నోటు తిప్పి చూపిస్తున్నాడట. మా కవర్ల మీది తెలుగు వరుసల్లో ఇప్పుడు "అణా" అన్న మాట ఎక్కడున్నా పట్టుకుంటాడు. "చారాణా" ఇంకా రాదు, చ నేర్చుకోవాలి.

తమ్ముడి బడి సంగతి ఇంకా తేలలేదు. రెండు దరఖాస్తులూ గూట్లో డబ్బా కింద ఉన్నాయి. నాన్న తెలుగు బడి వైపు మారిపోయాడని నేను రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది గాని అది నిజం కాదు. ఆయన అడిగిన ప్రశ్న అలాగే ఉంది. ఒక అణా బిళ్ళ దానికి జవాబు కాదు. అయితే ఇదివరకు ఆ ప్రశ్న అడిగితే మాట అక్కడితో ఆగిపోయేది. ఇప్పుడు ఆయన, అమ్మ, బాపమ్మ, నేను కూర్చొని మాట్లాడుతున్నాం. తమ్ముడికి ఇంగ్లీషు ఎట్ల రావాలి, తెలుగు ఎట్ల నిలవాలి అని రెండూ కలిపి మాట్లాడుతున్నాం. మొన్న నాన్నే అన్నాడు, ఏ బడికి పంపినా వీడికి తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో దిద్దించాలె, నాతో పాటు దిద్దుతడు అని.

మూడు గుంటలు కూడా అలాగే ఉన్నాయి. నాన్న అణా బిళ్ళను వాటిలో పెట్టలేదు, దానికి కొత్త చోటు చేశాడు. ముత్తవ్వ రూపాయల చోటు వాటిదే. అది నాకు కూడా సరిగ్గానే అనిపించింది. పోయినదాని బదులు ఇచ్చేది కాదు కానుక అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఉన్నదాన్నే చూపించినా కానుకే.

ఈ వ్యాసం చదివే మిత్రులకు ఒక మాట. మీ ఇళ్ళలో కూడా పూజ గూట్లోనో, పాత ట్రంకులోనో, బాపమ్మల సంచిలోనో నాణేలు ఉంటాయి. దొరికితే చింతపండు పెట్టి తోమకండి. తోమితే మెరుస్తాయి గాని గీతలు అరుగుతాయి, విలువ పోతుంది. అంచు పట్టుకొని వెలుతురులో చూడండి. పువ్వు అంచు ఉన్న పాత అణా అయితే నాలుగు లిపుల్లో మనది ఏదో వెతకండి. తర్వాత దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, దీన్ని మీరేమని పిలిచేవారు, దీనికి ఏమొచ్చేది అని అడగండి. వాళ్ళు చెప్పింది తెలుగులో రాసి పెట్టండి. చారాణా అంటే చారాణా అనే రాయండి, పావలా అంటే పావలా అని రాయండి. మా కవర్లు 214 అయ్యాయి, కొత్త అణాతో 215. ఇంకా 30 ఖాళీ కవర్లు ఉన్నాయి. మీ ఇంట్లో ఒకే రకానివి రెండు ఉంటే చెప్పండి, మా నాన్న బదులుకు వేరేది ఇస్తాడు. ఆయనతో తెలుగులో మాట్లాడవచ్చు. చీటీ రాస్తే మాత్రం చిన్న చిన్న మాటలతో రాయండి, ఆయనే చదువుకుంటానంటున్నాడు.